ఇరవై ఏళ్ల బురద

కౌడెమూర్,
9 నవంబరు 1993, మంగళవారం.

చెల్లి అలీడాకు,

తెల్లవారినప్పటి నుంచి సన్నటి వాన. పడమటి గాలి. కోళ్ల గూటి తలుపుకి విరిగిన బందు తీసి కొత్తది వేశాను.

నువ్వు పంపిన సీసా శనివారం అందింది. లేబులు మీద రాసినట్టే చేశాను. మలుగు చేపల కోసం కాలవ గట్టు మీదుగా వెళ్లొచ్చాను కాబట్టి నా సైకిలు రెండు చక్రాలూ, గొలుసూ, పెడళ్లూ బురదతో పూడుకుపోయి ఉన్నాయి. అంతటా మందు చిమ్మాను. ఎనిమిది నిమిషాలు ఆగాను. బకెట్టు నీళ్లు పోశాను. బురద పోయింది. బ్రష్షు వాడలేదు.

గమనించినవి: నురగ బూడిద రంగుకి తిరుగుతుంది. నారింజ తొక్కల వాసన వస్తుంది. పక్కింటి కుక్క వచ్చి వెనక చక్రాన్ని ఇరవై నిమిషాలు నాకింది. కుక్కకి ఏమీ కాలేదు. లేబులు మీద నువ్వు గీసిన సైకిలుకి వెనక చక్రం ముందుదానికంటే చిన్నదిగా ఉంది. సరిచేస్తే మంచిది.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. లాంబెర్ట్ బావని అడిగానని చెప్పు.

ఫిర్మిన్

జోన్‌హోవెన్,
15 నవంబరు.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మీ బావ, ఇది పోలీసు రిపోర్టా అని అడిగాడు. నేను మాత్రం సంతోషించాను. అమ్మ పోయినప్పుడు నువ్వు రాసింది నాలుగు వాక్యాలు, అందులో రెండు వాన గురించి. ఈసారి కుక్కకే రెండు వాక్యాలు ఇచ్చావు. మనిషివి బాగుపడుతున్నావు.

ఇంతకీ నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. గని మూసేశాక క్యాంటీనూ మూసేశారు. ఇరవై ఏడేళ్లు అక్కడ మాడిన పెనాలు తోమినదాన్ని. ఆ పెనాల కోసం నేను సొంతంగా కలుపుకున్న మందే ఇది. ఊరికే కూర్చోలేక మూడొందల సీసాలు నింపాను. మంచం కింద ఉన్నాయి, మెట్ల కింద ఉన్నాయి, బావ బూట్ల పెట్టెలోనూ ఉన్నాయి. రాత్రి ఆయన కాలు చాపితే ఏదో ఒకటి చిమ్ముతుంది. ఇవి అమ్ముడుపోతే నేను మళ్లీ ఒక పని ఉన్న మనిషిని. పోకపోతే శుభ్రమైన పెనాలున్న ముసలిదాన్ని.

మా వైపు ఎవరికి కావాలి ఇది? చలికాలం పొడుగునా పొలాల్లో సైకిలు పందేలు పెట్టుకుని బురదలో పొర్లేది మీ వైపు వాళ్లే. అక్కడ నా మాట ఎవరూ వినరు, నీ మాట వింటారు. నలభై ఏళ్లుగా పందెం కంచె పక్కన నిలబడి, రౌండు రౌండుకీ బురద సైకిలు అందుకుని, కడిగిన సైకిలు అందించిన చేతులు నీవి.

అందుకని నాకొక ఆలోచన వచ్చింది. గోడెలీవ్ కేఫ్‌లో గోడకి వేలాడుతున్న రొట్టెల ఓమేర్ సైకిలు ఉంది కదా, డెబ్భై నాలుగులో జిల్లా పందెం గెలిచింది. పందెం నాటి బురద అలాగే ఉంచారు కదా. వచ్చే జనవరికి ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్ల బురదని నా మందుతో నువ్వు అందరి ముందూ కడిగితే? ఇంతకంటే గొప్ప పరీక్ష ప్రపంచంలో ఉందా చెప్పు.

నీ చెల్లి,
అలీడా

కౌడెమూర్,
21 నవంబరు, ఆదివారం.

చెల్లి అలీడాకు,

ఒక గంట ఎండ, తర్వాత మబ్బు. ఉల్లిపాయలు జడలు కట్టి అటకకి వేలాడదీశాను.

ఆ సైకిలు వద్దు. అది పాతది.

బదులుగా మరి రెండు పరీక్షలు చేశాను. మొదటిది ఫాదరు గారి సైకిలు. ఆయన స్మశానం దారిన వస్తాడు కాబట్టి బంకమన్ను. పోయింది. రెండోది పోస్టుమాన్ సైకిలు. ఇసుక కలిసిన బురద. అదీ పోయింది. ఇన్నేళ్లూ అతన్ని తరిమిన కుక్కలు ఇప్పుడు ప్రేమగా వెంట నడుస్తున్నాయి. ఏడు కుక్కలు. ఉత్తరాలు ఆలస్యంగా పంచుతున్నాడు. నా మీద కోపంగా ఉన్నాడు. మందులో మాంసం పులుసు లాంటిదేమైనా ఉంటే తగ్గించు.

ఓమేర్ సైకిలు విషయం నీకు పూర్తిగా తెలియదు. ఆ బురదకి నేనే కాపలాదారుని. మన ఊరి సైకిలు సంఘం వాళ్లు చేతులెత్తి ఎన్నుకున్నారు. మంగళవారాలు కేఫ్‌కి సెలవు. ఆ రోజు వెళ్లి బురద ఎక్కడైనా పగిలిందేమో చూస్తాను. వేసవిలో తడి చల్లుతాను. పెచ్చు ఊడితే అదే పొలం మట్టితో అతుకు వేస్తాను. పందెం జరిగిన ఆ బీట్‌దుంపల పొలంలో ఇప్పుడు పెంకుల గోదాము ఉంది. నా దగ్గర మిగిలింది అర బకెట్టు మట్టి. ఎనభై ఎనిమిదిలో హ్యాండిలు కింద గడ్డి మొలిచింది. కత్తిరించాను.

ఇంత చూసుకున్నదాన్ని కడగడం బాగుండదు.

ఫిర్మిన్

జోన్‌హోవెన్,
30 నవంబరు.

అన్నయ్యా,

నువ్వు వద్దనడానికి ముందే నేను గోడెలీవ్‌కి రాసేశాను. కేఫూ ఆమెదే, సంఘం అధ్యక్షురాలూ ఆమే అని నువ్వే చెప్పావు కదా. ఆమె జవాబు వచ్చింది. అక్షరాలు ఇంత లావున ఉన్నాయి. ఎందుకంటే సంతోషమట. ఇరవై ఏళ్లుగా ఆ సైకిలు కింద కూర్చున్నవాళ్ల గ్లాసుల్లో మట్టి రాలుతోందట, ఎవరు కడగమంటారా అని ఎదురుచూస్తోందట. ఎవరూ నోరెత్తకపోవడానికి కారణం నువ్వేనట. నీకు బాధ కలుగుతుందేమోనని ఊరంతా ఊరుకుంది.

జనవరి 16 ఆదివారం. బ్యాండు వస్తుంది. పక్క ఊరు స్టావెల్‌హోక్ సంఘాన్ని కూడా పిలిచారు. అప్పట్లో మీకు ఎదురు నిలబడిన ఆ సిరీల్, అతని తమ్ముడు కూడా వస్తామన్నారట, కాకపోతే వేరువేరుగా.

అన్నయ్యా, నిన్నొకటి అడగనా? కోళ్ల గూడు గురించి రాసినంత కూడా నీ గురించి రాయనివాడివి, బురద గురించి ఒక పేరా నిండా రాశావు. ఆ బురద కింద బంగారమేమైనా దాచావా?

అలీడా

కౌడెమూర్,
5 డిసెంబరు, ఆదివారం.

చెల్లి అలీడాకు,

గట్టి మంచు. పంపు గొట్టానికి గోనె చుట్టాను.

బంగారం లేదు. ఆకుపచ్చ రంగు ఉంది.

1974 జనవరి 20 నాటి పేజీ నా పుస్తకంలో ఇలా ఉంది: "వాన. సైకిళ్లు కడిగాను. ఓమేర్ గెలిచాడు." రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఓమేర్‌వి రెండు సైకిళ్లు, రెండూ నీలం. సిరీల్‌వి రెండూ ఆకుపచ్చ. సిరీల్ తరఫున అతని తమ్ముడు జెరోమ్ కడిగేవాడు. నేనూ జెరోమూ ఒకే కంచె దగ్గర, ఒకే కాలవ నీళ్లతో పని చేస్తున్నాం. ఆఖరి రౌండుకి బురద ఎంతగా ఉందంటే సైకిళ్లూ మనుషులూ ఒకే రంగు. ఓమేర్ అనుకోకుండా వచ్చాడు. గొలుసు తెగింది. చెయ్యి చాపాడు. నేను కంచెకి ఆనించి ఉన్న సైకిలు అందించాను. వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగితే ఓమేర్ రెండో సైకిలు నా వెనకే ఉంది. నేను ఇచ్చింది సిరీల్‌ది.

జెరోమ్ ఆ క్షణంలో కాలవలో బకెట్టు ముంచుతున్నాడు. రెండు నిమిషాలకి సిరీల్ వచ్చాడు, ముందు చక్రం వంకరపోయి. రెండో స్థానంలో ఉన్నాడు. చెయ్యి చాపాడు. సైకిలు లేదు. విరిగినదాన్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు. పదకొండోవాడిగా చేరాడు. ఇంకొకరి సైకిలు మీద పందెం ముగిస్తే గెలుపు చెల్లదు. నేను అప్పుడే చెప్పవలసింది. ఈలోగా జనం ఓమేర్‌ని, సైకిలుని కలిపి భుజాల మీద కేఫ్‌కి ఎత్తుకుపోయారు. ఎవరో నీళ్లు తెమ్మన్నారు. కడగవద్దు, ఈ బురద ఇలాగే ఉండాలి అన్నాను. అంతమందిలో నేను మాట్లాడటం అదే మొదటిసారి. అందువల్ల అందరూ విన్నారు.

ఓమేర్ గెలుపు సంగతి ఒక్కటే అయితే నేను ఇలా రాసేవాణ్ణి కాను. జెరోమ్ సైకిలు వదిలేసి దుంపల వేపుడు తినడానికి వెళ్లాడని, అందుకే అది పోయిందని సిరీల్ తన తమ్ముణ్ణి నమ్మడం మానేశాడు. జెరోమ్ ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కొట్టంలో పాలు పితుకుతారు. చెప్పుకోవలసింది ఉంటే ఆవుకి చెబుతారు. "మార్గో, మేత అయిపోయిందని వాడికి చెప్పు" అని ఒకరు, "రేపు తెస్తానని చెప్పు" అని ఇంకొకరు. మొదటి ఆవు చనిపోయినప్పుడు వెంటనే ఇంకో ఆవుని కొన్నారు. దానికీ మార్గో అనే పేరు పెట్టారు. ఇప్పుడున్నది మూడో మార్గో.

ఇనుప రేకుకి ఆకుపచ్చ రంగు వేసి, దాని మీద నీ మందు చిమ్మి మూడు రోజులు ఉంచాను. రంగు ఊడుతుందేమోనని. ఊడలేదు, ఇంకా మెరిసింది. రంగు కూడా పోయేంత గట్టిగా చేయగలవా? లేదా అసలు పనిచేయకుండా?

ఫిర్మిన్

జోన్‌హోవెన్,
12 డిసెంబరు.

అన్నయ్యా,

రెండు పేజీల ఉత్తరం. బావకి చదివి వినిపించాను. ఈసారి పోలీసు మాట ఎత్తలేదు. "మూడు ఆవులా?" అన్నాడు.

నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది, ఇప్పుడు రెండూ లేవు. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు పశువు చెవిలో బతుకు వెళ్లదీస్తుంటే, ఇక్కడ నువ్వు ఇరవై ఏళ్లు బురదకి తడి చల్లుతూ కూర్చున్నావా? పైగా గడ్డి కత్తిరించావా? ఆ శ్రద్ధలో సగం పెట్టి ఒక్కసారి నోరు విప్పితే సరిపోయేది. నువ్వు చెడ్డవాడివి కాదు. నువ్వు చెడ్డవాడివైతే తిట్టడం సులువుగా ఉండేది.

గట్టిగా చెయ్యను. ఇరవై ఏడేళ్లు ఒక్క పెనం మీద కూడా గీత పడనివ్వలేదు నేను. నీ కోసం రంగు తినే మందు కలపలేను.

కానీ నువ్వు నా అన్నయ్యవి. అందుకని ఈ పెట్టెలో రెండు సీసాలు పెడుతున్నాను. మెడకి ఎర్ర దారం కట్టిన సీసాలో ఉన్నది ఒట్టి నీళ్లు, వాసన కోసం నారింజ తొక్క వేశాను. దారం లేనిది అసలుది. నీళ్లు చిమ్మితే బురద కదలదు. రెండూళ్ల ముందూ నా మందు దండగని తేలుతుంది. మూడొందల సీసాలూ నేనే వాడుకుంటాను. నీ మీద అలగను, ఈ మాట మీ బావ ఎదురుగా రాస్తున్నాను.

ఆ రోజు నేను రాను. నేనుంటే నా ముఖం చూసి తేల్చుకుంటావు. నువ్వు చూడవలసింది నా ముఖం కాదు.

అలీడా

కౌడెమూర్,
9 జనవరి 1994, ఆదివారం.

చెల్లి అలీడాకు,

రెండు రోజులుగా వాన లేదు. నేల ఆరుతోంది. కంచె పొదల కొమ్మలు నరికి కట్టలు కట్టాను.

జవాబు ఆలస్యమైంది. పండగల్లో ఏమీ తేలలేదు. గురువారం ఓమేర్ దగ్గరికి వెళ్లాను. రొట్టెలన్నీ అమ్ముడుపోయి దుకాణం కడుగుతున్నాడు. చెప్పవలసింది కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాను. చదివి వినిపించాను. అతను చీపురు ఆపలేదు.

"ఆ సైకిలు నాది కాదని నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. "సీటు రెండు వేళ్లు ఎత్తు. నేనేమో పొట్టివాణ్ణి. ఆఖరి రౌండంతా కాళ్లు అందక అటూ ఇటూ జారుతూ తొక్కాను. తొడలు ఒరుసుకుపోయి పది రోజులు వంగి నడిచాను."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు నాకోసం దొంగతనం చేశావనుకున్నాను. అంత పని చేసినవాణ్ణి పట్టిస్తానా?"

ప్రతి శనివారం నాకు ఎండుద్రాక్ష రొట్టె ఊరికే ఇస్తాడని నీకు తెలుసు. అది అందుకట. పొరపాటని తెలిశాక అతని ముఖం పడిపోయింది. "నా కోసం ఒకడు దొంగ అయ్యాడని ఇరవై ఏళ్లు గర్వంగా ఉన్నాను, పొరపాటుకి ఇన్ని రొట్టెలు తిన్నావు కదరా" అన్నాడు.

తర్వాత చీపురు గోడకి ఆనించి, మెల్లగా ఇంకొకటి చెప్పాడు. జెరోమ్ దుంపల వేపుడు బండి దగ్గర కనిపించాడని ఆ రోజు మొదట అన్నది ఓమేరే. నా మీద ఎవరి చూపూ పడకూడదని అన్నాడట. అంటే ఇద్దరం కలిసి, ఒకరికొకరు తెలియకుండా, ఆ అన్నదమ్ములకి ఆవుని కొనిపెట్టాం.

నీ రెండు సీసాల సంగతి చెప్పాను. నీళ్లదే వాడు, ఈ వయసులో మనకిదేం పని అన్నాడు. నేను ఇంకా తేల్చుకోలేదన్నాను.

శుక్రవారం స్టావెల్‌హోక్ వెళ్లాను. బంగాళాదుంప విత్తనాలు అడిగే సాకుతో. కొట్టం తలుపు దగ్గర నిలబడ్డాను. ఇద్దరూ పాలు పితుకుతున్నారు, ఆవుకి చెరో పక్కన. జెరోమ్‌కి కంటి పొర ఆపరేషను ఉందట.

"మార్గో, బుధవారం నన్ను ఆసుపత్రికి రమ్మన్నారని వాడికి చెప్పు. నాలుగు రోజులు ఉండాలి."

పాలు బకెట్లో పడుతూనే ఉన్నాయి. తర్వాత సిరీల్ అన్నాడు: "మార్గో, భయంగా ఉందా అని అడుగు."

ఆవు నెమరు వేస్తూనే ఉంది. నేను విత్తనాలు అడగకుండా వచ్చేశాను.

ఇంటికి రాగానే ఎర్ర దారం సీసా తీసి ఉల్లి మడికి పోశాను.

ఫిర్మిన్

జోన్‌హోవెన్,
12 జనవరి.

అన్నయ్యా,

ఉత్తరం ఇప్పుడే అందింది, పోస్టు బండి వెళ్లేలోగా నాలుగు ముక్కలు. లేబులు మీద చక్రం సరిచేశాను, ఈసారి ముందుది చిన్నదైంది. చిమ్మే ముందు పది సార్లు బాగా కుదుపు. చిమ్మిన తర్వాత పారిపోకు.

ఓమేర్‌తో చెప్పు, శనివారం రొట్టె ఆపితే నేనొచ్చి మాట్లాడతానని.

అలీడా

కౌడెమూర్,
17 జనవరి 1994, సోమవారం.

చెల్లి అలీడాకు,

పొద్దున మంచు, తొమ్మిదికి కరిగింది. నిన్న కేఫ్‌కి పట్టుకెళ్లిన మూడు బకెట్లూ తోమి బోర్లించాను.

నిన్న జరిగింది వరసగా రాస్తాను.

కేఫ్‌లో రెండూళ్ల వాళ్లూ కలిపి ఎనభై మంది. సైకిలుని గోడ నుంచి దించి బల్ల మీద పెట్టారు. గోడ మీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. సిరీల్ కిటికీ దగ్గర. జెరోమ్ పొయ్యి దగ్గర, ఆపరేషను మంగళవారానికి వాయిదా వేశారట. ఓమేర్ నా పక్కన, కొత్త టై కట్టుకుని, బ్రెడ్డు కాల్చేవాడి చేతులు వెనక దాచుకుని.

మందు చిమ్మే ముందే నిజం చెప్పాలనుకున్నాను. మూడు వాక్యాలు రాసుకున్నాను. మొదటిది చదువుతుండగా బ్యాండు మొదలైంది. ఎవరికీ వినిపించలేదు. ఆపమని సైగ చేస్తే ఇంకా గట్టిగా వాయించమన్నట్టు అనుకున్నారు. చేసేది లేక చిమ్మాను.

ఎనిమిది నిమిషాలు పట్టలేదు. ఇరవై ఏళ్ల బురద పొడిగా ఉంది కాబట్టి కాబోలు, అయిదో నిమిషానికే పలకలు పలకలుగా జారింది. నేను వేసిన అతుకులు ముందు ఊడాయి. ఒకటొకటి గుర్తుపట్టాను. తర్వాత హ్యాండిలు బయటపడింది, తర్వాత పై గొట్టం. ఆకుపచ్చ. నీ మందు చాలా మెరుగు పెడుతుంది. దీపం కింద కొత్త ఆకులా ఉంది.

బ్యాండువాళ్లు ఒక్కొక్కరే ఆగారు. పెద్ద బాకా అతనికి బాకా అడ్డమై సైకిలు కనపడలేదు కాబట్టి చివరిదాకా ఊదాడు. అతనూ ఆగాక, నేను నా మూడు వాక్యాలు చదివాను. సైకిలు నేనే తీసి ఇచ్చాను. జెరోమ్ ఎక్కడికీ వెళ్లలేదు, నీళ్లు ముంచుతున్నాడు. ఇన్నేళ్లూ చెప్పనిది నేను.

ఓమేర్ ముందుకొచ్చి, వేపుడు మాట తనే పుట్టించానన్నాడు. జేబులోంచి ఆ పందెం మెడల్ తీసి బల్ల మీద పెట్టాడు.

ఎవరూ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేదని ఒక క్షణం అనిపించింది. గోడెలీవ్ మాత్రం వంటింట్లోకి వెళ్లి జిల్లా పందేల ఆఫీసుకి ఫోను చేసి వచ్చింది. ఆదివారం కూడా అక్కడ ఒక గుమాస్తా ఉన్నాడట. ఫిర్యాదు ఏదైనా పందెం ముగిసిన పావుగంటలోపు ఇవ్వాలట. ఎంత ఆలస్యమయ్యారని అడిగాడట. ఆమె ఇరవై ఏళ్లని చెప్పింది. అతను కాగితం మీద రాసుకుని, అయితే కుదరదన్నాడట.

ఈలోగా సిరీల్ బల్ల దగ్గరికి వచ్చాడు. సీటు మీద చెయ్యి పెట్టాడు. పెడలు వెనక్కి తిప్పాడు. జెరోమ్ కూడా వచ్చాడు, బల్లకి అవతలి పక్క. మాట్లాడబోయి ఇద్దరూ పక్కకి చూశారు. అక్కడ ఆవు లేదు. నేను ఉన్నాను.

"వెనక బ్రేకు రాసుకుంటోందని వాడికి చెప్పు" అన్నాడు సిరీల్, నాతో.

నేను జెరోమ్‌కి చెప్పాను.

"నేను సరిగానే బిగించాను, ఆ రొట్టెలవాడు వంకరగా కూర్చుని పాడుచేశాడని చెప్పు" అన్నాడు జెరోమ్.

చెప్పాను. ఇలా అరగంట సాగింది. హ్యాండిలు టేపు, టైర్ల గాలి, జెరోమ్ కళ్లు, వాళ్ల అమ్మ అంత్యక్రియల నాడు ఎవరు ఎవరి పక్కన నిలబడలేదన్నది, అన్నీ నా మీదుగానే అటూ ఇటూ వెళ్లాయి. ఎనభై మందీ గ్లాసులు పట్టుకుని వింటున్నారు. నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. ఆ పని నాకు చేతనవును.

చివరికి సిరీల్ మెడల్ తీసుకోనన్నాడు. పందెం గెలిచిన మనిషి కౌడెమూర్ వాడే, కానీ పందెం గెలిచిన సైకిలు తమ ఊరిదని, అది తమ కేఫ్ గోడకి వేలాడాలని అన్నాడు. స్టావెల్‌హోక్ వాళ్లు చప్పట్లు కొట్టారు. మనవాళ్లు కూడా కొంచెం ఆలోచించి కొట్టారు. సైకిలు ఎత్తబోయి సిరీల్ ఆగాడు. ఒంటరిగా మోయవచ్చు, అది తొమ్మిది కిలోలు. అయినా ఆగాడు. నా వైపు చూడలేదు.

"జెరోమ్, అటు పట్టుకో" అన్నాడు.

జెరోమ్ పట్టుకున్నాడు. తలుపు ఇరుకు. ఎవరు ముందు నడవాలో తేలక గడప మీద చాలాసేపు నిలబడిపోయారు. వాళ్ల వెనక కుక్కలు.

నీ మందు గురించి గోడెలీవ్ నా చేత ఒక వాక్యం రాయించి గోడ మీది తెల్ల మచ్చలో అంటించింది: "పని చేస్తుంది. అనుకున్నదానికంటే ఎక్కువ." కింద నా సంతకం. ఇరవై రెండు సీసాలు కావాలని పేర్లు రాశారు. పోస్టుమాన్ రాయలేదు.

ఈరోజు ఓమేర్ వచ్చాడు. శనివారం కాకపోయినా రొట్టె తెచ్చాడు. డబ్బులు అడిగాడు. ఇచ్చాను. కూర్చుని సగం తనే తిన్నాడు.

రేపు ఉదయం జెరోమ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లేది సిరీల్. మధ్యలో పాలు పితకడానికి నన్ను రమ్మన్నారు. మార్గో నన్ను పితకనిస్తుందో లేదో తెలియదు. చూసి రమ్మన్నారు కాబట్టి సాయంత్రం వెళ్లాలి. దానికి ముందు మిగిలిన పనులు: పంపు గొట్టానికి చుట్టిన గోనె విప్పాలి, ఉల్లి మడి తవ్వాలి.

ఫిర్మిన్